చివరి బోల్టు

నాన్నా,

బిందు నమస్కారాలు. నేనూ అమ్మా నాయనమ్మా ముగ్గురం బాగున్నాం. నువ్వూ బాగున్నావన్న నమ్మకంతోనే మొదలుపెడుతున్నాను. మన కళ్లంలో, మిరపకాయల మధ్య పట్టా మీద కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద ఎర్రటి మరకలు కనిపిస్తే కంగారుపడకు, అది కాయల పొడి. ఎప్పటిలాగే ఫొటో తీసి పంపుతాను.

మంచి వార్త ముందు చెప్పేస్తాను. మా విమానాల హ్యాంగరు మూయడం లేదు! నిన్న సాయంత్రం ఒప్పందం మీద సంతకాలయ్యాయి. గన్నవరం రోడ్డు మీద డప్పులు మోగించారు. నాతో పనిచేసే జుబేదా నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. పక్కన వెళ్తున్న బస్సు వాళ్లు పెళ్లి అనుకుని చూశారు. ఇంకో వార్త దీనికన్నా పెద్దది. నేను మైకులో మాట్లాడాను. అవును, నేనే. కాన్వెంటులో ప్రార్థన చదవమంటే కళ్లు తిరిగి పడిపోయిన నేనే.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ పట్టుకుంటే నా నోటికి తాళం పడుతుందని నీకు తెలుసు. అందులోనూ ఈసారి చెప్పాల్సింది సగంలో ఆపే విషయం కాదు.

నీ ప్రశ్నలకు జవాబులు. నాయనమ్మ మోకాలు తగ్గలేదు గానీ దాన్ని తిట్టే ఓపిక పెరిగింది. అమ్మ ఈసారి పత్తి తగ్గించి మిరప ఎక్కువ వేయించింది, కాయ రంగు బాగుంది. నువ్వు పంపిన గ్లవ్స్ సరిగ్గా సరిపోయాయి. బోల్టులు బిగించే టార్క్ రెంచి బరువుగా లేదా అని అడిగావు. మొదట్లో ఉండేది, ఇప్పుడు నా మాట వింటోంది. మంగళగిరిలో గది మారలేదు. జుబేదా వండుతుంది, నేను గిన్నెలు కడుగుతాను. యూనియన్ టెంటులో కూర్చుంటున్నావా అని అడిగావు. కూర్చుంటున్నాను. నీ సంగతి వాళ్లకు తెలుసా అని కూడా అడిగావు. మొన్నటిదాకా తెలియదు. ఇప్పుడు అందరికీ తెలుసు. అదెలా తెలిసిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

విమానాల పెద్ద రిపేర్లన్నీ మలేషియా పంపేస్తామని, మా హ్యాంగరులో చక్రాలు మార్చే పని మాత్రం కొన్నాళ్లు ఉంచి తర్వాత మూసేస్తామని కంపెనీ నోటీసు పెట్టినప్పుడు నేను నీకు రెండు లైన్లే రాశాను. ఏ హ్యాంగరుకు పంపుతారో అప్పటికి తెలియదు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ‘మీ విమానాలు మా దగ్గరికే వస్తున్నాయి బిందూ. మొదటిది వచ్చేసింది. నా కూతురు తుడిచిన రెక్క కదా అని చేత్తో ఒకసారి నిమిరాను. ఈ పని వచ్చిందంటే నా కాంట్రాక్టు పొడిగిస్తారు’ అని రాశావు. ఆ ఉత్తరం చదివి నేను ఎంత సంతోషించానో, ఆ వెంటనే ఎంత భయపడ్డానో చెప్పలేను. చెన్నైలో నీ పాత కంపెనీ ఇలాగే పెద్ద రిపేర్లు ఎత్తేస్తే నువ్వు సముద్రం దాటావు. ఇప్పుడు నా కంపెనీ ఎత్తేస్తున్న పని నీ చేతికే వస్తోంది. మేం గెలిస్తే నీ పని పోతుంది. మేం ఓడితే నాది పోతుంది.

ఎవరికీ చెప్పలేదు. నల్ల బ్యాడ్జీ పెట్టుకుని పనిచేశాను, డ్యూటీ దిగాక టెంటులో కూర్చున్నాను. బ్యానర్ ఒక కొస జుబేదా పట్టుకునేది, ఇంకో కొస నేను. దాని మీద ‘మన ప్రాణాలు పరాయి చేతుల్లోనా?’ అని ఉండేది. మా యూనియన్ కార్యదర్శి కోటేష్ గారు రోజూ మైకు పట్టుకుని, ‘అక్కడ స్పానర్ పట్టుకోవడం కూడా రానోళ్ల చేత మన విమానాలు బాగుచేయిస్తారంట!’ అనేవారు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నా చేతులు బ్యానర్ పట్టుకుని ఉండేవి కాబట్టి చప్పట్లు కొట్టే బాధ తప్పేది. కోటేష్ గారు చెడ్డవాడు కాదు. కోపం వస్తే ఆయన మాట ఎటు పోతుందో ఆయనకే తెలియదు.

పోయిన ఆదివారం ఆయనా జుబేదా మన ఊరొచ్చారు. కూలీలు దొరక్క కాయలు ఏరడం ఆగిపోయిందని అమ్మ ఫోన్లో వాపోతుంటే జుబేదా విన్నది. ‘టెంటులో కూర్చునే బదులు కళ్లంలో కూర్చుందాం, పదండి’ అని ఆయన్ని కూడా లాక్కొచ్చింది. ఆయనది పల్నాడు వైపే గానీ మిరప చేను ఎరగడు. గ్లవ్స్ వద్దన్నాడు. కాసేపటికి కన్ను నలుపుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన నినాదాలకు మైకు అక్కర్లేకపోయింది.

మన కళ్లం పద్ధతి ఆయనకు తెలియదు. తన కుప్పలో తెల్లబారిన తాలు కాయలు ఏరేసి, గబగబా టిక్కీ గోతంలో పోసి తొక్కబోయాడు. నాయనమ్మ కర్ర అడ్డం పెట్టింది.

“ఏయ్ అబ్బాయ్, ఆగు. ఎవురేరారు ఆ కుప్ప?”

“నేనేనమ్మా.”

“నువ్వే ఏరి నువ్వే తొక్కుతావా? ఇంక నేనీడ కూర్చుంది నీ మొహం చూడటానికా?”

“బాగానే ఏరా పిచ్చమ్మగారూ. కావాలంటే చూడండి.”

“చూసేదే నేను. నీ కళ్లకి నీ కుప్ప ఎప్పుడూ ఎర్రగానే కనపడుద్ది.”

చెయ్యి లోపలికంటా పెట్టి పిడికెడు తీసింది. అందులో ఒక తాలు కాయ. దాన్ని ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. “ఇంటికి తీసకపో. మీ ఆవిడికి చూపిచ్చు” అంది.

“కోటేష్ గారూ, సంజాయిషీ రాసివ్వండి” అని జుబేదా పట్టా మీద పడి నవ్వింది. ఆయనా నవ్వాడు. “మన హ్యాంగరులో ఇదే కదమ్మా రూలు. బిగించినోడు వేరు, చూసినోడు వేరు. కళ్లంలోకొస్తే మర్చిపోయా” అన్నాడు. నాయనమ్మ ఆయన కుప్పను మళ్లీ జుబేదా ముందుకు తోసింది. జుబేదా ఏరిన కుప్పను అమ్మ చూసింది. ఎవరి కుప్ప మీదా వాళ్ల మాట చెల్లదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి నేనేమీ అనుకోలేదు.

మంగళవారం నీ దగ్గరి నుంచి ఆ మొదటి విమానం తిరిగొచ్చింది. పైపైన చూసి వదిలేయమని కంపెనీ చెప్పింది. రూలు ప్రకారం రెక్కల మూతలన్నీ తెరిచే చూస్తామని మా వాళ్లు పట్టుబట్టారు. “ఏదో ఒకటి దొరకాలి. దొరికిందంటే రేపు పేపర్లో మనమే” అన్నారు కోటేష్ గారు. నా వంతు ఎడమ రెక్క అడుగు భాగం.

మూత తీసి టార్చి వేశాను. వరుసగా బోల్టులు. అదురుకు వదులు కాకుండా వాటి తలల్లోంచి దూర్చి మెలేసిన సేఫ్టీ వైరు. ప్రతి వైరు తోకా లోపలికి వంగి, చివర చిన్న సున్నాలా చుట్టి ఉంది. నాన్నా, అది నీ వైరు! సెలవులకొచ్చినప్పుడు మన ఇనప గేటు చువ్వలకు వైరు కట్టించి నేర్పింది గుర్తుందా? ‘తోక బయటికి ఉంటే తర్వాత చెయ్యి పెట్టేవాడికి గుచ్చుకుంటుంది. వాడెవడో నీకు తెలియదు. అయినా వాడి వేలు గురించి ఆలోచించు’ అన్నావు. ఆ చెయ్యి పెట్టే మనిషిని నేనే అయ్యాను. గ్లవ్ తీసేసి వేలితో తడిమాను. ఎక్కడా గుచ్చుకోలేదు. అంత ఎత్తున, ఆ ఇరుకులో, నువ్వు నా పక్కనే ఉన్నట్టనిపించింది. నిచ్చెన మీద నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మర్నాడు గేటు మీటింగులో మైకు తీసుకున్నాను. బ్యానర్ వైపు చూపించి ఇలా అన్నాను:

“దీని మీద రాసిన పరాయి చేతులు మా నాన్నవి. ఆయన పేరు శివరామకృష్ణ. ఆ హ్యాంగరులోనే పనిచేస్తాడు. నాకు స్పానర్ పట్టడం నేర్పింది ఆయనే.”

ఒక్కసారిగా గోల. వెనక నుంచి ఎవరో, “మరి ఈడెందుకు కూర్చున్నావ్? పోయి మీ నాన్న పక్కనే కూర్చో!” అని అరిచారు.

“ఏందయ్యా, ఆ పిల్ల నోరు తెరవడమే గగనం. మాట్టాడనియ్యండి!” అని జుబేదా అంతకన్నా గట్టిగా అరిచింది. నవ్వులు. ఆ సందులో నేను మళ్లీ మొదలుపెట్టాను.

“వాళ్లకి పని రాదనడం అబద్ధం. అబద్ధంతో అడిగితే మనం ఓడిపోతాం. మనం అడగాల్సింది వేరే ఉంది. ఎంత మంచి చెయ్యి చేసిన పనైనా రెండో మనిషి చూడాలి. విమానం ఎక్కడ బాగుపడినా, మనుషులు ఎక్కే ముందు ఇక్కడ మూతలు తెరవాలి, మనం చూడాలి. ఆ పనికి ఈ హ్యాంగరు కావాలి, ఇందులో ఉన్న ప్రతి ఒక్కరూ కావాలి.”

ఇంకొక మాట కూడా చెప్పాను. అది చివర్లో రాస్తాను.

నేను దిగాను. కోటేష్ గారు వెళ్లి బ్యానర్ విప్పి మడత పెట్టారు. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. నాన్నా, అవి నా కోసమే! మర్నాటి నుంచి చర్చల్లో ఇదే మా మొదటి కోరిక అయింది. దీన్ని కాదనలేక కంపెనీ ఒప్పుకుంది. రిపేర్లలో సగం ఇక్కడే చేస్తారు. సగం మీకొస్తాయి. అక్కడి నుంచి వచ్చిన ప్రతి విమానాన్నీ మేం తెరిచి చూస్తాం. ఎవరినీ తీసేయరు. మీకొచ్చే సగంతో నీ కాంట్రాక్టు నిలుస్తుందని నేను లెక్కవేసుకున్నాను.

ఇక్కడిదాకా సంతోషంగా రాశాను. సంతోషం నిజమే. ఇప్పుడు మిగిలింది రాయాలి.

ఆ వరుసలో చివరి బోల్టుకు వైరు లేదు నాన్నా.

బోల్టు బిగుతుగానే ఉంది. వైరు మాత్రం లేదు. మీ దగ్గర రెండో సంతకం పెట్టిన మనిషి అంత లోపలికి వంగి చూసి ఉండడు. ఇవాళో రేపో ప్రమాదం జరిగేది కాదు. కానీ నెలల తరబడి అదిరితే ఏమవుతుందో నువ్వే నాకు నేర్పావు.

నా జేబులో వైరు ఉంది. చేతిలో కటింగ్ ప్లయర్ ఉంది. జుబేదా అవతలి రెక్క దగ్గరుంది. నేను ఆ ఒక్కదానికి వైరు వేసి మూత పెట్టేస్తే ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. నీ పేరుకు మచ్చ రాదు, విమానానికీ ఏమీ కాదు. వైరు బయటికి తీశాను కూడా. అప్పుడు నాయనమ్మ కర్ర గుర్తొచ్చింది. అది నీ కుప్ప. నా కళ్లకు ఎర్రగానే కనపడుతోంది. వైరు జేబులో పెట్టుకుని కోటేష్ గారిని పిలిచాను.

ఆయన టార్చి వేసి చూసి, “దొరికింది! ఫొటో తియ్యండి!” అని కేక పెట్టాడు.

“వద్దు సార్. పేపరుకు వద్దు. రిపోర్టు రాద్దాం.”

“ఎందుకు వద్దు?”

“అది మా నాన్న చేసిన పని.”

ఆయన నమ్మలేదు. తోకలు చూపించాను. ఒక్కొక్కటే వేలితో తడుముతూ చివరిదాకా వెళ్లాడు. నిచ్చెన దిగి మెట్టు మీద కూర్చున్నాడు. “మరి నన్నెందుకు పిలిచావమ్మా?” అన్నాడు.

“రెండో మనిషిని నేనే కదా సార్” అన్నాను.

మైకులో చెప్పిన ఇంకో మాట ఇదే. ‘నాకు తెలిసిన అందరికన్నా మంచి చెయ్యి మా నాన్నది. ఆయన కూడా ఒక్కటి మర్చిపోయాడు. నిన్న నేనే చూశాను, నేనే రిపోర్టు రాశాను.’ బ్యానర్ మడత పెట్టే ముందు కోటేష్ గారు కళ్లు తుడుచుకున్నారు. మిరప ఘాటు కాదు.

ఆ రిపోర్టు మా కంపెనీ నుంచి మీ హ్యాంగరుకు వస్తుంది. నిన్ను పిలిచి అడుగుతారు. దానివల్ల నీ కాంట్రాక్టు ఏమవుతుందో నాకు తెలియదు. సగం పని మిగిలిందని ఇందాక లెక్క వేసుకున్నాను గానీ ఆ లెక్క మీద నాకు నిద్ర పట్టడం లేదు. ఆ రిపోర్టు రాసింది నీ కూతురని వాళ్ల నోట నువ్వు వినకూడదు. అందుకే ఈ ఉత్తరం ముందు పంపుతున్నాను.

క్షమించమని అడగడం లేదు. నా స్థానంలో నువ్వున్నా అదే రాసేవాడివి. ఒక్కటి మాత్రం జవాబు రాయి. ఆ రోజు నీకు ఒంట్లో బాగోలేదా? మధ్యలో ఎవరైనా పిలిచారా? నాయనమ్మకు చెప్పాను. కాయలు ఏరడం ఆపకుండా, “ఒక తాలు కాయ ఎవురి కుప్పలోనైనా ఉంటది. ఆడు తిండి తిని పనికి పోతున్నాడో లేదో అడుగు” అంది. ఇది ఆవిడ ప్రశ్న.

రిపోర్టు రాశాక ఆ బోల్టుకు వైరు నేనే వేశాను. జుబేదా వచ్చి వంగి చూసి సంతకం పెట్టింది. ఆ విమానం మళ్లీ నీ దగ్గరికి వస్తుంది. అప్పుడు ఎడమ రెక్క కింది మూత నువ్వే తెరువు. వరుసంతా నీది, చివరిది ఒక్కటీ నాది. తోక లోపలికే వంచాను, చివర సున్నా చుట్టాను. గ్లవ్ తీసి వేలితో తడిమి చూడు. గుచ్చుకుంటే మొహమాటపడకుండా రిపోర్టు రాయి.

ఇట్లు,
నీ వైరు తోక గుర్తుపట్టిన కూతురు,
బిందుమాధవి