పడుగు కావలి

హనుమకొండ,
10 డిసెంబరు 1944, ఆదివారం.

మేనమామ సాంబమూర్తి గారికి, మీ అక్క కొడుకు బాలకిషన్ నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. అత్త ఇందిరమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. వర్ధన్నపేట నుంచి నాయిన కబురు పంపాడు. అక్కడ అందరూ బాగున్నారు.

మట్టెవాడలోని మీ ఇల్లు ఇక్కడికి గంట నడక. ఇంత దగ్గర నుంచి ఉత్తరం ఎందుకని మీరు అనుకుంటారు. ఎదురుగా చెప్పాలని రెండుసార్లు బయలుదేరాను. మొదటిసారి సగం దారిలోనే ఆగిపోయాను. రెండోసారి మీ వాకిలి దాకా వచ్చాను. లోపల మగ్గం చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చేశాను.

ముందు కాలేజీ సంగతి. మొదటి ఆరు నెలల పరీక్షలు అయిపోయాయి. లెక్కల్లో మొదటివాడిగా వచ్చాను, ఉర్దూలో గట్టెక్కాను. చేరిన కొత్తలో సార్లు ఉర్దూలో చెప్పే పాఠం సగం కూడా అర్థమయ్యేది కాదు. అందరితో పాటు తల ఊపేవాడిని. సాయంత్రం పక్కవాడి కాపీ పుస్తకం చూసి రాసుకునేవాడిని. తెలియనిది తెలియదని లేచి చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మా సైన్సు సారు దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. ప్రయోగం కాపీలో "నీళ్లు చాలా వేడెక్కాయి" అని రాస్తే, "చాలా" అన్న మాట ఎర్ర సిరాతో కొట్టేసి, ఎంత అని అడిగాడు. "జో దేఖా వహీ లిఖో" అంటాడు, చూసిందే రాయమని. టైము వేసి రాయాలి. మధ్యలో ఖాళీ ఉంటే కాపీ వెనక్కి ఇస్తాడు. ఈ ఇరవై నిమిషాలు నువ్వెక్కడున్నావు, నీళ్లెక్కడున్నాయి అని అడుగుతాడు. తరగతంతా నవ్వుతుంది. నేనూ నవ్వేవాడిని.

ఇప్పుడు ఉత్తరం రాస్తున్న పని. మొన్న శుక్రవారం, కాలేజీకి సెలవు రోజు, మీ పక్కింటి యాకయ్య నా గది వెతుక్కుంటూ వచ్చాడు. తువ్వాలలో నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లికారం కట్టుకొచ్చాడు. గురువారం రైలుకు భార్య మొగిలమ్మను తీసుకొని సోలాపూర్ పోతున్నాడట. మగ్గం విప్పేశాడట. "ఇక్కడ నా పడుగుకు చెయ్యేసేటోడు లేడు బిడ్డా. ఒక్కన్ని గంజి ఎట్ల పెడుత? యాభై ఏండ్లకు మిల్లు కూలికి పోతాన" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

పడుగుకు గంజి పెట్టడం ఒక ఇంటి పని కాదని నాకు చెప్పింది మీరే. వీధి పొడుగునా నూలు సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరిన తరువాత చుట్టాలంటే ఆరుగురి చేతులు కావాలి. ఇంటికొకరు వస్తారు. ఆరే వరకు వంతు ప్రకారం ఒకరు కావలి ఉంటారు. మబ్బు కమ్మగానే కావలి మనిషి కేక వేస్తాడు. ఆ కేక వింటే మాటల్లేని ఇళ్ల వాళ్లు కూడా మగ్గం దిగి ఉరుకుతారు. అటువంటి వీధిలో రెండు నెలలుగా యాకయ్య పడుగుకు ఎవరూ రావడం లేదు. బుధవారం పెద్దమనిషి నర్సయ్య ఇంటి ముందు కులం కూర్చుని, ఆయన పడుగుకు ఎవరూ పోకూడదన్న కట్టుబాటును ఖాయం చేస్తుందట.

కారణం అక్టోబరు ఆరో తారీఖు. ఆ శుక్రవారం మీ పడుగు వానలో తడిసింది. ఎనిమిది చీరల పడుగు. యుద్ధం మూలాన కార్డు మీద తప్ప నూలు దొరకని రోజులు. గంజి కరిగి పోగులు ముద్దకట్టాయి. అత్త మూడు రోజులు కూర్చుని విడదీసినా సగం కూడా దక్కలేదు. మీ మగ్గం నలభై రోజులు ఆగింది. ఆ రోజు కావలి వంతు యాకయ్యది. వాన వచ్చినప్పుడు యాకయ్య అక్కడ లేడు. కల్లు కోసం పోయాడని వీధి అన్నది. మీరూ అన్నారు.

మామా, ఆయన కల్లుకు పోలేదు. ఆ ముందు రోజు నుంచి మొగిలమ్మ కాలు వాచి ఉంది. పొద్దున తొమ్మిదింటికి ఆమెను ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయాడు. పన్నెండున్నరకు తిరిగి వచ్చాడు. దవాఖాన చీటీ మీద తారీఖు ఉంది. మొన్న చూపించమంటే చూపించాడు. నా కళ్లతో చూసే రాస్తున్నాను.

ఈ సంగతి బుధవారానికి ముందే మీకు తెలియాలి. నష్టపోయింది మీరు కాబట్టి మీ మాటకే నర్సయ్య విలువ ఇస్తాడు. యాకయ్య తప్పు లేదని మీరంటే కులం అంటుంది. అప్పుడు ఆయన ఆగుతాడు.

ఈ ఆరు నెలల్లో నేర్చుకోకూడనివి కూడా కొన్ని నేర్చుకున్నాను. మీరు నేసిన గుడ్డతో కుట్టించిన షేర్వానీ తొడుక్కుని కాలేజీకి పోతున్నాను. ఎక్కడ కొన్నావని తోటివాళ్లు అడిగితే హైదరాబాదులో అన్నాను. మీ మామ ఏం చేస్తాడంటే బట్టల దుకాణం అన్నాను. సాయంత్రం మీ ఇంటికే వచ్చి అత్త పెట్టిన అన్నం తినేవాడిని. తోటివాళ్లు ఏమడిగారని అత్త ఒకరోజు అడిగితే, షేర్వానీ మెచ్చుకున్నారని చెప్పాను. అత్త అది వీధంతా చెప్పుకొచ్చింది.

దీపావళి తరువాత, మగ్గాల చప్పుడుకు చదువు సాగడం లేదని చెప్పి ఇక్కడ గది తీసుకున్నాను. అదీ నిజం కాదు. మగ్గం చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచి అలవాటే. గోడ అవతల యాకయ్య దగ్గితే వినలేకపోయాను.

ఉత్తరం రేపు పొద్దున డాకులో వేస్తాను. మంగళవారానికి అందుతుంది. అత్తకు నా నమస్కారాలు చెప్పండి.

మీ మేనల్లుడు,
బాలకిషన్

తా.క. మామా, సంతకం పెట్టి మడిచిన తరువాత మళ్లీ విప్పాను. తొమ్మిది నుంచి పన్నెండున్నర వరకు పడుగు దగ్గర ఎవరున్నారో పైన రాయలేదు. సైన్సు సారు చూస్తే కాపీ మొహాన కొట్టేవాడు. యాకయ్య పడుగును ఒంటరిగా వదిలిపోయే మనిషి కాదని మీకూ తెలుసు. నన్ను నిలబెట్టి పోయాడు.

"ఇయ్యాల శుక్రారం గద, సదువు లేదు గద నీకు. జర మబ్బు దిక్కు చూస్త ఉండు బిడ్డా. గిట్ల పోయి గట్ల వస్త" అన్నాడు. సరేనన్నాను. మీరు నూలు డిపో ముందు వరుసలో ఉన్నారు, అత్త వెనక పెరట్లో ఉంది. వీధిలోని మగవాళ్లంతా మగ్గం గుంటల్లో ఉన్నారు. కుంచె పట్టుకుని అంచు దువ్వుతున్నాను. పదకొండు దాటాక మా తరగతి రాజేశ్వర్ రావు, దేశ్‌ముఖ్ గారి కొడుకు, సందు మొగన సైకిల్ దిగాడు. కుంచె అరుగు కింద దాచి ఎదురు పోయాను. ఇక్కడేం చేస్తున్నవోయ్ అని అడిగాడు. పని మీద వచ్చానన్నాను. పడుగు వైపు రాకుండా మూల మీది హోటల్‌కు తీసుకుపోయి చాయ చెప్పాను.

అప్పటికే మబ్బు పట్టి ఉంది. నేను చూశాను. చినుకులు మొదలయ్యాక అత్త కేక వినిపించింది. "పడుగు తడుస్తాంది! ఉరుకుండ్రి!" హోటల్ నుంచి మన వాకిలి అరవై అడుగులు ఉంటుంది. నేను లేవలేదు. సాసర్‌లో చాయ పోసుకున్నాను. అత్త నాలుగుసార్లు పిలిచింది. నాలుగోసారి నా పేరు పెట్టి పిలిచింది.

వాన వెలిశాక ఇంటికి వచ్చి, పొద్దటి నుంచి దోస్తులతోనే ఉన్నానని చెప్పాను. కావలి ఎవరిదని మీరు అడిగితే, యాకయ్యది అన్నది నేనే. యాకయ్య ఒకసారి నా మొహం చూసి, "నాదే తప్పు సాంబన్నా, జర ఆలస్యమైంది" అన్నాడు. ఎందుకట్లా అన్నావని మొన్న అడిగాను. "నీ మామ కోపం నాకెరుకలేదా? గా దినమే నీ బుక్కులు అటకెక్కించి నిన్ను మగ్గం గుంటల దింపుతుండె. మనోళ్లల్ల కాలేజీ మెట్టెక్కింది నువ్వొక్కనివే. పడుగుదేముంది, మల్ల పోసుకోవచ్చు" అన్నాడు.

నిన్న రాజేశ్వర్ రావుకు అంతా చెప్పాను. "నాకు ఎరుకే. నీ మోచేతికి గంజి ఎండి ఉండె, చాయ తాగేటప్పుడే చూసిన" అన్నాడు. మరి ఏమీ అనలేదేమని అడిగాను.

"ఆమె నీ పేరు పెట్టి పిలుస్తుంటె విన్న గద. నువ్వు లేస్తె నేను గూడ ఉరుకుదమనుకున్న" అన్నాడు.

బుధవారం కులం ముందు ఈ తాజా కలం గట్టిగా చదవండి. పైనది చదవకపోయినా నష్టం లేదు. ఆ రోజు నేను వచ్చి యాకయ్య పక్కన నిలబడతాను. పుస్తకాలు వెంట తెస్తాను.