చేపలకు మేత తగ్గించమ్మా

గుంటూరు, హాస్టలు

అమ్మకు, నేను కులాసా. ఇక్కడ ఫోను ఇవ్వరు కదా, అందుకే కార్డు.

మా వార్డెన్ దుర్గాంబగారి అక్వేరియంలో పెద్ద ఎర్రచేప చచ్చిపోయింది. వచ్చేపోయే అమ్మాయిలందరం ముద్దొచ్చి మేత వేశాం. తినకుండా మిగిలింది కుళ్ళి నీళ్ళు చెడిపోయాయి. “ఆకలితో పోలేదర్రా, మీ ముద్దెక్కువై పోయింది,” అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు రోజుకొక్క చిటికెడే వేస్తున్నాం. వారానికోసారి పావువంతు నీళ్ళే మారుస్తున్నాం. మిగతా చేపలు తేరుకున్నాయి.

మనింటి తొట్టిలో చేపలకు నువ్వూ అలాగే చెయ్యి. మార్చే కుళాయి నీళ్ళు ముందురోజే బకెట్లో పట్టి ఉంచు, క్లోరిన్ పోతుంది.

నాన్న నడుంనొప్పి తగ్గిందా? మగ్గం దగ్గర కూర్చోగలుగుతున్నాడా? నాయనమ్మకు నా దణ్ణాలు చెప్పు.

నేను గుర్తొచ్చినప్పుడల్లా చేపలకు మేత వేస్తున్నావట, మొన్న నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు నాన్న చెప్పాడు. అలా వెయ్యకమ్మా. గుర్తొస్తే నాకొక కార్డు రాయి.

నీ హేమశ్రీ