మెట్టగాలి గోడ

పట్టు పరిశ్రమ శాఖలో పనిచేసి రిటైరై, ప్రస్తుతం పుంగనూరులో ఉంటున్న, కీర్తిశేషులు మునెప్ప కుమారుడు చెంగల్రాయప్ప అనే నేను, నా అరవై తొమ్మిదో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నాకు షుగరు ఉంది. కుడి చెవి వినిపించదు. జ్ఞాపకం మాత్రం కావలసినదానికంటే బాగానే ఉంది. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే ఇందుమూలంగా రద్దు.

నా భార్య యమున ఈ ఫిబ్రవరిలో చనిపోయింది. మాకు సంతానం లేదు.

1. పుంగనూరు ఇల్లు, అందులోని సామాను నా చెల్లెలు పూలమ్మకు సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. యమున చీరలు మాత్రం తెలిసినవాళ్లకు పంచవద్దు. వీధిలో ఎవరి మీదో కనబడితే పూలమ్మే తట్టుకోలేదు.

2. కుప్పం బస్టాండు వెనక వీధిలోని రాతిబండల మిద్దె యమునకు ఆమె తండ్రి రాసిచ్చినది. ఆమె రిజిస్టరు వీలునామాతో నాకిచ్చింది. దాని వీధి గోడ గురించే గొడవంతా కనుక వివరంగా రాస్తున్నాను.

2006లో కుప్పం విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు ‘మెట్టగాలి’ అనే పత్రిక మొదలుపెట్టారు. మదనపల్లెలో అచ్చువేయించి, పుంగనూరు మీదుగా బస్సులో కట్టలు తెచ్చుకునేవారు. మూడో సంచికతో చందాలు నిండుకున్నాయి. అప్పటి సంపాదకురాలు పల్లవి వచ్చి మా గోడ అడిగింది. యమున డ్రాయింగ్ టీచరు. “నిజం రాస్తే అంటించుకోండి. తప్పు రాస్తే మీ చేతనే దాని మింద దిద్దుబాటు అంటిస్తా” అంది. ఒకసారి పల్లవి చేత అంటించింది కూడా.

అప్పటినుంచి ప్రతి సోమవారం చేతిరాత సంచిక ఆ గోడ మీదే. పాతది పీకరు. మైదా గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, పాతదాని మీదే కొత్తది అంటిస్తారు. ఇంకెక్కడా ప్రతులు లేవు. ఆ పత్రిక పందొమ్మిదేళ్ల చరిత్ర మొత్తం బెత్తెడు మందాన ఆ గోడకే ఉంది. యమున ఉన్నన్నాళ్లూ ప్రతి పొర మీదా పత్రిక పేరు ఆమె కుంచెతో రాసిందే.

3. ఈ జనవరిలో ‘మెట్టగాలి’ ఒక వార్త వేసింది. జగదీష్ నడిపే ప్రైవేటు హాస్టల్లో ఆరుగురికి కామెర్లు వచ్చాయని, నీళ్ల ట్యాంకులో చచ్చిన పావురాలు ఉన్నాయని. జగదీష్ యమున అన్న కృష్ణప్ప కొడుకు. చిన్నప్పుడు బడి సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపాడు. ఆ సంచిక అంటిస్తున్నప్పుడు నిచ్చెన పట్టుకున్నది యమునే.

కృష్ణప్ప వచ్చి వీధిలో నిలబడి అరిచాడు. “మా నాయన కట్టిన గోడమింద నా కొడుకునే తిట్టిస్తాండావా అమ్మీ?”

“తిట్టలేదన్నా. ట్యాంకులో ఏముండాదో రాసినారు. కడిగించు, అదీ రాస్తారు.”

నెల తిరగకుండా ఆమె పోయింది. చావుకు కృష్ణప్ప వీధి మలుపు దాకా వచ్చి అక్కడినుంచే వెనక్కి వెళ్లాడు. అతనికి ఈ వీలునామాలో ఏమీ లేదు. దీన్ని కోపంగానే చదువుకోవచ్చు.

4. మొన్న దసరా తర్వాత జగదీష్ నాతో అన్న మాట: “మామా, ఆ గోడ నువ్వుండే వరకే. మర్నాడు జేసీబీ వస్తాది.” దానికి ఇదీ బదులు.

ఆ వీధి గోడ, దాని పునాది, ముందరి మూడడుగుల స్థలం, పైన వేసిన రేకు, ఈ వీలునామాతో ఏర్పాటు చేస్తున్న ‘మెట్టగాలి’ ట్రస్టుకు చెందాలి. “ఎవురి పేరు రాయాల సార్? రెండేండ్లకు పిలకాయలు మారిపోతారు” అని లాయరు అడిగాడు. అందుకని పేర్లు కాదు, పదవులు రాస్తున్నాను. ఏ ఏటికా ఏడు పత్రిక సంపాదకులు ఒకరు, వారికి ముందటి సంపాదకులు ఒకరు, వీరితో పాటు ఇప్పుడు మదనపల్లెలో లెక్చరరుగా ఉన్న పల్లవి. ఈ వీలునామాను అమలు చేయవలసింది కూడా పల్లవే. సదుం దగ్గరి ఎకరన్నర మల్బరీ తోట కూడా ఆ ట్రస్టుకే. దాని మీద వచ్చే కౌలు డబ్బు కాగితాలకు, మైదాకు.

5. గోడ వెనక, యమున పోయేదాకా మేము కాపురమున్న మూడు గదులు జగదీష్‌కు ఇస్తున్నాను. పూలమ్మకు ఇది నచ్చలేదు. “పామును తెచ్చి పొయ్యికాడ పెడ్తాండావన్నా” అంది. ఆ మిద్దె బండల కొసలన్నీ వీధి గోడ మీదే ఆని ఉన్నాయి. గోడ తీస్తే అతని కప్పే కూలుతుంది. అయినా తీస్తే గదులు కూడా ట్రస్టుకు పోతాయి. ఇది పగతో రాసింది కాదు. వాడంటే యమునకు ప్రేమ. మధ్య గది కిటికీ దగ్గర వాడి ఎత్తు కొలిచి గీసిన గీతలున్నాయి. వాటికి సున్నం వేయవలసిన పని లేదు.

6. యమున కుంచెలు, రంగు గిన్నెలు ఇప్పటి సంపాదకురాలు చాందినికి. యమున చనిపోయిన వారంలో, ఆమె రాసిన ఆఖరి పేరు మీద కొత్త కాగితం అంటించవలసి వచ్చినప్పుడు, చాందిని గంజి డబ్బా పట్టుకుని నా వైపు చూస్తూ నిలబడిపోయింది. అంటించమన్నాను. అంటించింది. ఆ పొరను ఎవరూ, ఎప్పుడూ విప్పి చూడకూడదు. నేను చూడలేదు.

7. ఆ హాస్టల్లో గత నెల మరో ముగ్గురికి కామెర్లు వచ్చాయి. బయట పానీపూరి తిన్నందుకే జబ్బు చేసిందని వారి చేత సంతకాలు పెట్టించుకున్నారు. చాందిని ఆ ముగ్గురితో మాట్లాడి వార్త రాసి పెట్టుకుంది. అంటించలేదు. “ఇప్పుడేస్తే వాళ్లు మీ మిందికొస్తారు. మీకేమన్నా అయితే ఎట్ల అప్పా, మీ తరవాత వేస్తాం లెండి” అంటోంది. ట్యాంకులో నీళ్లు ఇవాళ కూడా పిల్లలు తాగుతున్నారు. పై క్లాజులన్నీ నా తదనంతరం అమలు కావాలి. ఈ ఒక్కదానికి నా చావుతో పని లేదు. వచ్చే సోమవారమే వేయాలి. నిచ్చెన నేను పట్టుకుంటాను.

పుంగనూరు, 2025 నవంబరు 14, శుక్రవారం.

(సంతకం) మునెప్ప చెంగల్రాయప్ప

మా ఎదుట సంతకం చేశారు, ఆయన ఎదుట మేము చేశాము:
1. సి. కిషోర్, మందుల షాపు, పుంగనూరు
2. కె. తులసమ్మ, రిటైర్డ్ నర్సు, మదనపల్లె