పక్కన ఖాళీ

సూళ్లూరుపేట,
ఫిబ్రవరి 1962

దస్తగిరి అన్నకు సలాం.

రంజాను నమాజుకు నాయుడుపేట రమ్మని రాశావు. నేను రాలేను అన్నా. నా చేతి మీది మచ్చ కుష్ఠేనట. మందు వాడుతున్నాను, ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు గారు చెప్పారు. మసీదులో ఆ మాట ఎవరూ నమ్మలేదు.

మొన్న శుక్రవారం నమాజుకు నిలబడితే, చిన్నప్పటి నుంచి నా భుజానికి భుజం ఆనించి నిలబడిన మౌలాలి పక్కకు జరిగాడు. రెండో పక్క మనిషి వెనక వరుసకు పోయాడు. తర్వాత ఇమాము గారు నన్ను బయటికి పిలిచి, "జబ్బు మనిషికి మాఫీ ఉండాది నాయనా. ఇంట్లోనే చదువుకో, మనసులో పెట్టుకోమాక" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూసి సరేనని ఇంటికి వచ్చేశాను.

నలుగురితో కలిసి చదివే నమాజే గొప్పదని నాయన మనల్ని నిద్ర లేపి తీసుకుపోయేవాడు గదా. ఇప్పుడు అజాన్ వినబడితే గడప దాకా పోయి ఆగిపోతున్నాను. ఇంట్లో నమాజు చివర రెండు పక్కలకూ తిరిగి సలాం చెబితే, ఒక పక్క గోడ, ఒక పక్క నేను ఏకాల్సిన దూది బస్తాలు.

మీ ఊళ్లో ఎవరికీ తెలియదు, వచ్చి నిలబడదామా అనుకున్నాను. కానీ నా పక్కవాడిని మోసం చేయడానికి మనసొప్పలేదు.

ఒక్కటే అడుగుతాను. రోజూ నమాజు ఒక్కడినే చదువుకోగలను. నేను పోయాక నా శవం ముందు చదివే జనాజా నమాజు నేను చదువుకోలేను. ఆ రోజు ఇక్కడ ఎవరూ రాకపోతే, నువ్వొక్కడివైనా వచ్చి నిలబడు అన్నా.

నీ తమ్ముడు