వెనక్కి తిరిగిన సీటు

ఉత్తర మిన్నెసోటాలో లాంగ్‌వాటర్ సరస్సు దక్షిణపు గట్టున కాపురముంటున్న ఐలీ మార్టా కొస్కెలా అనే నేను, కాలం చేసిన రైనో కొస్కెలా భార్యను, నా తదనంతరం నా వాళ్ళు కొట్టుకోకుండా ఉండాలని ఈ వీలునామా రాస్తున్నాను. నా బుద్ధి నిలకడగానే ఉంది. మొన్న డాక్టరమ్మ గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంటే చూపించాను. పెద్దముల్లు కాస్త వంకరపోయింది గానీ ఆ తప్పు చేతి వణుకుది, బుద్ధిది కాదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకుముందు రాసినది ఒకటి పిండి డబ్బాలో ఉండాలి. అది ఇక చెల్లదు.

వచ్చే నెల నాకు గుండె ఆపరేషను. డాక్టరమ్మ ఏం కాదంది. ఏం కాదు అనేవాళ్ళని చూస్తేనే నాకు భయం. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి రిసార్టులో దుప్పట్లు ఉతికినదాన్ని. లాయరు రాసే మాటలు పాత కాగితంలోంచి ఎత్తి రాస్తున్నాను. ఎక్కడైనా తప్పు పడితే నా ఉద్దేశం చూడండి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కొడుకు గ్లెన్‌కీ, నా కూతురు మార్లిస్‌కీ ఉమ్మడిగా అప్పగిస్తున్నాను. ఒక్కరినే పెడితే రెండోవాళ్ళు క్రిస్మస్ దాకా మొహం ముడుచుకుంటారు. నాకు తెలుసు, కన్నదాన్ని.

2. ఇల్లు, గట్టు మీది స్థలం, బోటు కట్టే చెక్క డాకు, ఆవిరి స్నానాల సౌనా గది ఇద్దరికీ సమానంగా, విడదీయరాని హక్కుగా చెందవలెను. సౌనా పొయ్యి తలుపు పూర్తిగా పడదు, మోకాలితో ఒక్కటిచ్చి గొళ్ళెం వేయాలి. వేశారో లేదో మళ్ళీ వెళ్ళి చూసుకోండి. నేను రోజూ చూసుకుంటాను.

3. నా ఆడపడుచు ఇల్మాకు రాగి కాఫీ కుండ. నా పెళ్ళయిన ఏడే అది వాళ్ళమ్మదని అడిగింది. నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. ఇల్మా కాఫీ కప్పు అడుగు కనిపించేంత పలచన అని చర్చిలో అందరికీ తెలుసు. కుండ మారితే చిక్కబడుతుందేమో చూడండి.

4. మార్లిస్‌కు, ఏలకులు దంచే నా చిన్న రోలు. రొట్టెలోకి ఏలకుల పొడి కొంటున్నావు తల్లీ. ఖాళీ డబ్బా మీ చెత్తబుట్టలో చూశాను. దంచుకో.

5. గ్లెన్‌కు, వంటింటి తలుపు పక్క మేకుకి వేలాడే ఇత్తడి బిరడా, దాని ఎర్ర తాడుతో సహా. అది మన పాత బోటు అడుగు బెజ్జానిది. బోటును ట్రైలర్ మీద పెట్టేటప్పుడు లోపలి నీళ్ళు పోవడానికి ఊడదీస్తాం, నీళ్ళలో దించే ముందు బిగిస్తాం. బిగించడం మరిచిపోయి, ఊరి రేవులో, వేసవి మొదటి సెలవుకి చేరిన జనమంతా చూస్తుండగా మన బోటును ముంచినవాడివి నువ్వు. మీ నాన్న ఒడ్డున నిలబడి, "బాగానే దించావురా, మరీ కిందికి దించావు" అన్నారు. ఆ మాట తర్వాత ఆయన్ని ఎవరూ అంత నవ్వుతూ చూడలేదు. కొత్త బోటుకి ఈ బిరడా సరిపోదు. అయినా ఆ మేకునే ఉండనివ్వు, చూసినప్పుడు కొత్తదాని బిరడా బిగించడం గుర్తొస్తుంది.

6. కొత్త బోటు సంగతి. అసలు ఈ కాగితం దీనికోసమే.

బోటు కొనమని బ్యాంకులో మీ నాన్న విడిగా వేసి వెళ్ళిన డబ్బు బోటుకే వాడవలెను, ఒక్క బోటుకే. ఆపరేషను అయి నేను లేస్తే నేనే కొంటాను, ఈ కాగితం కూడా పిండి డబ్బాలోకి పోతుంది. లేవకపోతే ఏది కొనాలో కింద రాస్తున్నాను, ఎందుకో కూడా.

పోయిన శనివారం మనం దుకాణం వాళ్ళవి రెండు వెడల్పాటి డెక్ బోట్లు నడిపి చూశాం. ఒకదానికి నీలం గీత, ఒకదానికి ఆకుపచ్చ గీత. పొడవు ఒకటే, వెనక బిగించిన మోటారు ఒకటే, ఎక్కే మనుషులూ అంతే. నా కోడలు షెల్లీ చూయింగ్ గమ్ నములుతూ, "కవలపిల్లలు మమ్ము, టోపీలే వేరు" అంది. షెల్లీ కూతురు, నా మనవరాలు బ్రిన్ పుట్టినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ నేను మమ్మునే, అంటే మా ఫిన్నిష్ మాటలో నానమ్మని.

తేడా అంతా సీట్లలో ఉంది. నీలం దానిలో సీట్లన్నీ ముందుకో పక్కకో తిరిగి ఉన్నాయి, మనుషులు విశాలంగా కూర్చోవచ్చు, తాడు కట్టి నీళ్ళ మీద వెనక లాక్కెళ్ళే పిల్లల్ని చూడటానికి తోలేవాడి ముందు అద్దం పెట్టారు. ఆకుపచ్చ దానిలో తోలేవాడి పక్క సీటు పూర్తిగా వెనక్కి తిరిగి ఉంది. గ్లెన్‌కు నీలం కావాలి. మార్లిస్‌కు ఆకుపచ్చ కావాలి, అందులో తెర కట్టిన మరుగుదొడ్డి ఉందని.

"అద్దం ఉందిగా, తోలేవాడే చూసుకుంటాడు" అన్నాడు గ్లెన్.

"గడ్డం గీసుకునేటప్పుడే నీకు అద్దంలో సగం మొహం కనపడదు. ఇక పిల్ల కనపడుతుందా?" అంది మార్లిస్.

"నీ గోలంతా ఆ తెర కోసమేగా. డాకు దగ్గర ఇల్లు లేదా?"

"అరవై దాటాక నువ్వే అడుగుతావు ఆ తెర ఎక్కడుందని!"

అక్కడిదాకా నేనూ నవ్వాను. ఆ తర్వాత గ్లెన్ అన్నాడు, "అయితే నీది నువ్వు కొనుక్కో, నాది నేను కొనుక్కుంటా." మార్లిస్, "కొనుక్కుంటా. నా డాకు నేనే వేయించుకుంటా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. రెండు బోట్లయితే ఒక ఆదివారం వీళ్ళు వస్తారు, ఒక ఆదివారం వాళ్ళు వస్తారు. వీళ్ళ పిల్లను వాళ్ళు చూడరు. రెండేళ్ళకు ఒకరి బోటు చూసి ఒకరు చెయ్యి ఊపుకుంటూ పోతారు. ఈ సరస్సు మీద అలాంటి కుటుంబాలు ఎన్ని లేవు?

నేను బోటు ఎక్కిన నాటి నుంచి వెనక్కి తిరిగే కూర్చున్నాను. మీ నాన్న తోలేవారు, నేను కాపలా. "నీ బెంగకి ఇప్పటికి ఒక ఉద్యోగం దొరికింది ఐలీ" అనేవారు ఆయన. నీళ్ళ మీద జారే స్కీల మీదో గాలి ట్యూబు మీదో ఉన్నవాళ్ళు పడితే చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే దెబ్బ తగల్లేదని, బాగున్నారని. ఆ చెయ్యి లేచేదాకా నాకు ఊపిరాడేది కాదు. గ్లెన్ ఆలస్యంగా ఎత్తేవాడు, నన్ను ఏడిపించడానికి. మార్లిస్ పడక ముందే ఎత్తేది. మీ నాన్న ఒకే ఒక్కసారి స్కీలు కట్టారు. పడి, రెండు చేతులూ ఎత్తి, "లొంగిపోయాను, తుపాకీ దించు" అని అరిచారు.

ఇప్పుడు అసలు మాట. రెండు వేసవులుగా నాకు దూరాన ఉన్న పిల్ల కనిపించడం లేదు. నీళ్ళ మీద ఎండ పడితే బ్రిన్ వేసుకున్న నారింజ రంగు జాకెట్టు అందులో కలిసిపోతుంది. నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆ సీటు తీసేసుకుంటారని. పాత బోటులో నా పక్కన షెల్లీ కూర్చుని వాగుతూనే ఉండేది. "అదుగో పడింది. ఆఁ, చెయ్యెత్తింది. జుట్టు తుడుచుకుంటోంది చూడు, వయ్యారి." ఈ పిల్లకి నోరు మూతపడదేమని విసుక్కునేదాన్ని. శనివారం నీలం బోటులో వెనక్కి చూసే సీటు లేదు కదా. నేను మెడ వెనక్కి తిప్పలేక పక్కనున్న షెల్లీ వైపు తిరిగాను. షెల్లీ మెత్త మీద మోకాళ్ళు వేసి, వెనక్కి తిరిగి, గమ్ నమలడం కూడా ఆపి చూస్తోంది. బ్రిన్ పడింది. గ్లెన్ అద్దం మీద నీళ్ళ తుంపర. వాడు చూడలేదు. షెల్లీ గొంతే విన్నాను: "ఆపు గ్లెన్! ... చెయ్యెత్తింది మమ్ము. బాగుంది."

నా వైపు చూసి చెప్పింది. రెండేళ్ళుగా ఆ వాగుడంతా నాకోసమేనని అప్పుడు తెలిసింది.

తర్వాత ఆకుపచ్చ బోటు ఎక్కాం. "ఇవాళ నువ్వు ముందు కూర్చో మమ్ము. వెనక సంగతి నేను చూసుకుంటా" అంది షెల్లీ. కూర్చున్నాను. గాలి నోట్లోకి కొట్టింది. సరస్సు మధ్య కొంగల దీవి మన మీదికి వస్తుంటే ఏలకుల రొట్టెలా ఉబ్బి ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేను చూసిన సరస్సు వేరు. అది దూరమయ్యే సరస్సు. తెల్లటి నురుగు గీత, చివర నోరు తెరుచుకుని నవ్వే పిల్ల, ఆ వెనక మన డాకు, తీగ మీద మీ నాన్న చొక్కాలు, అన్నీ చిన్నవవుతూ. నాకు అదే బాగుంటుంది. ముందుకు చూస్తే ఏమొస్తుందోనని బెంగ. వెనక్కి చూస్తే గడిచినదంతా క్షేమంగా కనిపిస్తుంది.

కాబట్టి ఆకుపచ్చ గీత బోటే కొనవలెను. అది అమ్ముడుపోతే ఏ రంగుదైనా సరే, వెనక్కి తిరిగిన సీటున్నదే కొనవలెను. చట్టానికి అద్దం చాలట. చట్టానికి పిల్లలు లేరు. గ్లెన్, నీకు చోటు తక్కువైతే దగ్గర దగ్గరగా కూర్చోండి. నాకు కావలసింది అదే.

7. బోటు ఇద్దరిదీ. వెనక్కి తిరిగిన ఆ సీటు మాత్రం నా కోడలు షెల్లీది. ఎవరినైనా లాగుతున్నప్పుడు ఆమె గానీ, ఆమె కూర్చోబెట్టిన మనిషి గానీ అందులో లేకుండా మోటారు వేయరాదు. కాపలా కూర్చున్నప్పుడు నేను ఊదే ఈల కూడా ఆమెకే. షెల్లీ, వాగడం మానకు.

8. బ్రిన్‌కు నా పసుపు ఉన్ని టోపీ. నువ్వు ఎప్పుడు తిరిగి చూసినా నేను కనిపించాలని పెట్టుకునేదాన్ని.

9. నన్ను మీ నాన్న పక్కన పెట్టండి. ప్రసంగం పొడుగ్గా వద్దు, కాఫీ చల్లారిపోతుంది. పెట్టె దించాక అందరూ ఒక్కసారి చెయ్యెత్తండి. గ్లెన్, ఆలస్యం చేయకు.

సెప్టెంబరు 21, 2019న, లాంగ్‌వాటర్ సరస్సు గట్టున మా వంటింటి బల్ల దగ్గర, నా చేత్తో రాసి సంతకం చేశాను.

(సంతకం) ఐలీ మార్టా కొస్కెలా

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
వేన్ హాల్వర్సన్, పక్కింటివారు
డొరీన్ మట్టిలా, చర్చి వంటశాల