కూర్చోకూడని స్టూలు

సోమవారం

చెప్పుల దుకాణంలో మీరు కూర్చున్నారు, ఆమె నిలబడే ఉంది. డబ్బా మీద డబ్బా తెరిపించారు, ఒక్క జతా కొనలేదు, ఆమెకు కుర్చీ ఎందుకు లేదని ఒక్కసారైనా అడగలేదు. సిగ్గనిపించలేదా?

ఆగు. డైరీ తెరిచినా కరపత్రమేనా? ఇదిగో, ఇదే మానేయాలి!

తీర్మానం: ఈ నెలంతా కోపం లేదు. వాదన లేదు. షాపు నోటీసు బోర్డు మీద నా కరపత్రాలు లేవు. డాక్టరమ్మ రక్తపోటు చూసి, "బిల్లులు కొట్టే మనిషికి ఇంతెందుకమ్మా?" అంది. కౌంటర్ల దగ్గర కుర్చీలు తీసేసినప్పటి నుంచీ అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. తొలి విజయం!

కుర్చీలు తీసేసి, భోజన విరామంలో సగం కోసేసిన యాజమాన్యం పై అంతస్తులో 'ప్రశాంతత గది' తెరిచింది. వడ్రంగి బల్ల, రంపం, ఉలి, చిత్రిక. పని అయ్యాక వెళ్ళి వాడుకోవచ్చట, ఒత్తిడి తగ్గుతుందట. వ్యాఖ్యానించను.

మంగళవారం, సాయంత్రం

చిత్రిక పట్టాను. అబ్బ!

ముందు చెక్క మొరాయించింది, చిత్రిక ఎగిరెగిరి పడింది. చెక్కను తిప్పి పెట్టి తోశాను. సర్రుమంటూ పలచటి పొట్టు చుట్టలు చుట్టుకుని లేచింది. వేలితో రాస్తే నున్నగా, కాస్త వెచ్చగా. నా భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ అవి చెవుల దాకా ఉన్నాయని తెలియనే తెలియదు.

ఇంట్లో మా ఆయన కూర మాడ్చాడు. నేను తిట్టకుండా తినేశాను. "ఒంట్లో బాగోలేదా?" అని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

గురువారం

వదినకు స్టూలు చేస్తున్నాను. మా ఆయన అక్క, నా షాపులోనే పని. నాది బిల్లు కౌంటరు, ఆమెది ఆడవాళ్ళ చెప్పుల కౌంటరు. సాయంత్రానికి కాళ్ళు ఎంత వాస్తాయంటే, ఊరందరికీ చెప్పులు తొడిగే మనిషికి తన చెప్పులు పట్టవు.

వచ్చి చూసింది. "మూడు కాళ్ళేనేంటి మరదలా?"

"మూడైతే ఊగదు వదినా."

"నాలుగోది విరగ్గొట్టానని చెప్పొచ్చుగా!"

విరగ్గొట్టిన మాట నిజమే.

శనివారం

స్టూలు కౌంటరు వెనక పెట్టాను. వదిన కూర్చుని కళ్ళు మూసుకుంది. అంతలో మేనేజరు. "అద్భుతం మేడమ్! మన గది మహిమ!" అంటూ లేపి, స్టూలు ఎత్తుకెళ్ళి వీధివైపు షోకేసులో పెట్టించాడు. పైన అట్టముక్క: 'మా సిబ్బంది ఆనందం.' కింద ఇంకోటి: 'కూర్చోరాదు.'

కోప్పడ్డానా? లేదు. కరపత్రం రాశానా? చిన్నది. పెన్సిలుతో. పెన్సిలుతో రాస్తే లెక్కలోకి రాదు.

మళ్ళీ సోమవారం

గదిలో ఊరికే బెజ్జాలు కొడుతున్నాను. ఏ వస్తువూ తయారవడం లేదు. హాయిగా ఉంది. నా బాధ కూడా అదే. ఈ హాయి బూటకమైతే తిట్టిపోసేదాన్ని, కానీ ఉలి చేతిలో ఉన్నంతసేపూ మేనేజరు మొహం గుర్తుకు రావడం లేదు. వాళ్ళకు కావలసింది సరిగ్గా ఇదే కదా! కుర్చీ లాక్కుని చేతికి చిత్రిక ఇస్తే ఎవరైనా పుచ్చుకుంటారా? నేను పుచ్చుకున్నాను. పైగా థాంక్స్ కూడా చెప్పాను.

వదిన గుమ్మంలోంచి అంది: "నీ కోపమేదమ్మాయ్? పొట్టుతోపాటు ఊడ్చేశావా? నాకది కాస్త అవసరంగా ఉంది."

మంగళవారం

వదిన షోకేసులోకెక్కింది! స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్ళు బార్లా చాపింది. వీధిలో జనం ఆగిపోయారు. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"దిగండి! అది చూడ్డానికి పెట్టిందండీ!"

"చూడనివ్వండి సార్. సిబ్బంది ఆనందం ఇలాగే ఉంటుంది."

"రేపట్నుంచి పనికి రానక్కర్లేదు!"

నా తీర్మానం అక్కడితో సరి. ఏమన్నానో రాయను, కాగితం తట్టుకోదు. బిల్లు కౌంటరు నుంచి షోకేసు దాకా అరుస్తూనే వెళ్ళానట, చేతిలో స్టేప్లరు ఉందట. మిగతా కౌంటర్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నేలమీద చతికిలబడ్డారు. చెప్పులు కొనడానికొచ్చిన ఒకావిడ కూడా కూర్చుంది, సంగతేమిటో తర్వాత అడిగింది.

బుధవారం

కొత్త తీర్మానం. ఇవాళ్టి నుంచి కోపం లేదు. నిజంగా.

పొద్దున్నే, అరవకుండా, పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో రాసి బోర్డు మీద అంటించాను. కౌంటర్లవాళ్ళంతా సంతకం చేశారు. జవాబు వచ్చేదాకా బిల్లు కొట్టను.

మా డిమాండ్లు:

మా వదినను పనిలోంచి తీసేసిన మాట వెనక్కి తీసుకోవాలి.

ప్రతి కౌంటరు వెనకా కూర్చోవడానికి ఒకటి ఉండాలి. బేరం లేనప్పుడు కూర్చుంటాం.

కోసేసిన భోజన విరామం తిరిగి ఇవ్వాలి.

మా ఆనందం గురించి మమ్మల్ని అడక్కుండా అట్టముక్కలు రాయకూడదు.

ప్రశాంతత గది మూయకూడదు. చిత్రిక మొద్దుబారింది, పదును పెట్టించాలి.