డిష్ తీసేసిన మర్నాడు

శుక్రవారం, రాత్రి

మిద్దె మీది డిష్ నిన్ననే తీయించి, టీవీకి ఇంటర్నెట్ పెట్టించాను. వాన రాకముందే బొమ్మ ఆగిపోతోందని నా విసుగు. ఈ సాయంత్రం జోరువానలోనూ అత్తమ్మ సీరియల్ ఒక్కసారి కూడా ఆగలేదు. పైన ఆరబెట్టిన, ఏడాదికి సరిపడా మిరపకాయలు మాత్రం మొత్తం తడిసిపోయాయి.

అత్తమ్మ కోప్పడలేదు. తడి కాయలను ఫ్యాను కింద పరుస్తూ, "డిష్ మొకం ఉన్న ఫలక్‌నుమా దిక్కు మబ్బు పట్టంగనే బొమ్మ ఆగుతుండె బిడ్డా. గప్పుడు ఉరికి అన్నీ ఎత్తుతుంటి. ఇయ్యాల ఆగకపాయె" అంది.

డిష్ ఇంకా మెట్ల కిందే ఉంది. పాత సామాను కొనే అతన్ని రేపు రమ్మన్నాను, మరి...

బొమ్మ ఆగిన ప్రతిసారీ నేను రిమోట్ పట్టుకుని గొణుక్కునేదాన్ని. వెనక ఆమె మెట్లెక్కే చప్పుడు వినిపించేది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎన్నడూ తోచలేదు.